నాకు అభ్యంతరం లేదు

"క్వార్క్ అంటే కూరనా, పచ్చడా?"

ఇంటికి ఎవరు వచ్చినా గజేందర్ వేసే జోకు ఇది. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఇంకా ఎవరూ రాకముందే, సోఫాలో పడుకుని ఫోన్ చూస్తూ వేశాడు, సాయంత్రానికి సాధన కాబోలు. అరుంధతి వంటింట్లో మూడు కిలోల కోడిమాంసం కడుగుతోంది. నీళ్ళ చప్పుడులో వినబడనట్టు ఊరుకుంది. ఆ ఇంట్లో వినబడనట్టు ఉండటం కూడా ఒక పనే, దానికీ ఓపిక ఖర్చవుతుంది. నాలుగేళ్ళ కిందట దోహాకు వచ్చిన కొత్తలో ఆ జోకుకు తనూ నవ్వింది. అలా నవ్వినందుకు ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఆ సాయంత్రం అయిదింటికి ఆమెకు మీటింగ్ ఉంది. అలాంటిలాంటి మీటింగ్ కాదు. జెనీవా దగ్గర భూమి కింద సొరంగంలో ప్రోటాన్లను ఎదురెదురుగా గుద్దించి, అందులోంచి ఏమేం చెదిరి పడ్డాయో లెక్కపెట్టే ప్రయోగం ఒకటుంది. ప్రపంచమంతటి నుంచి వేలమంది దానికి పనిచేస్తారు. ఎడ్యుకేషన్ సిటీలోని ఒక యూనివర్సిటీలో అయిదుగురి చిన్న గుంపు కూడా అందులో ఉంది. అరుంధతి ఆ గుంపులో సగం ఉద్యోగి. కాగితం మీద వారానికి ఇరవై గంటలు, నిజానికి నలభై. రెండున్నరేళ్ళుగా చేస్తున్న పనిని ఆ రోజు పెద్ద కమిటీ ముందు పెట్టాలి. వాళ్ళు సరేనంటేనే పెట్టె తెరుస్తారు. అక్కడ ఆచారం అది. కంప్యూటర్లో తయారుచేసిన ఉత్తుత్తి గుద్దుళ్ళ మీద పద్ధతినంతా సరిచూసుకుని, ఇక ఒక్క అంకె కూడా మార్చబోమని చెప్పాకే అసలు గుద్దుళ్ళ లెక్కను చూడనిస్తారు. ముందే చూస్తే మనసు తనకు కావలసిన జవాబు వైపు జరుగుతుందని వాళ్ళ భయం. రెండున్నరేళ్ళు ఆమె ఆ పెట్టె పక్కనే కూర్చుంది, మూత ముట్టలేదు.

మీటింగ్ తేదీ నెల రోజుల నుంచి ఫ్రిజ్ మీద ఉంది, పెద్ద ఎర్ర అక్షరాలతో. నీళ్ళ సీసా కోసం గజేందర్ రోజుకు పదిసార్లు ఆ తలుపు తీస్తాడు. అయినా అదే రోజుకు జహాంగీర్ వాళ్ళను భోజనానికి పిలిచాడు. అడిగితే, "కొత్త కంపెనీల నా పేరు చెప్పిందే జహాంగీర్. శుక్రవారం గాక ఇంకెప్పుడు పిలుస్తం? అయినా నీ మీటింగ్ ఇంట్లనే గద" అన్నాడు. ఇంట్లోనే కదా. ఆమె బతుకులో ప్రతిదాన్నీ అరచేత్తో చదును చేసేసే మాట అది. ఇంట్లోనే కదా, బిడ్డ క్లాసు చూడవచ్చు. ఇంట్లోనే కదా, గ్యాస్ అతను వస్తే తలుపు తీయవచ్చు. కరోనా వచ్చాక అతని మీటింగులు కూడా మార్చి నుంచి ఇంట్లోనే జరిగాయి. అప్పుడు మాత్రం మిక్సీ వేయకూడదు, కుక్కర్ పెట్టకూడదు, ఆరేళ్ళ వెన్నెల మునివేళ్ళ మీద నడవాలి.

ఫ్రిజ్ మీద ఆ తేదీ పక్కనే, జిరాఫీ బొమ్మ అయస్కాంతం కింద, ఇంకో కాగితం రెండు వారాలుగా వేలాడుతోంది. మూడు వాక్యాల ఉత్తరం. అరుంధతి తన స్పాన్సర్‌షిప్ కింద ఉన్న భార్య అనీ, ఫలానా యూనివర్సిటీలో పనిచేయడానికి తనకు అభ్యంతరం లేదనీ, ఇది సంవత్సరంపాటు చెల్లుతుందనీ. అడుగున గజేందర్ సంతకం పెట్టాలి. ఖతర్ ప్రభుత్వం ఇచ్చిన ఆమె కార్డు మీద వృత్తి అన్నచోట హౌస్‌వైఫ్ అని, స్పాన్సర్ అన్నచోట గజేందర్ పేరు ఉంటాయి. కణభౌతికశాస్త్రంలో డాక్టరేట్ అన్న మాటకు ఆ కార్డు మీద చోటులేదు. భర్త వీసా మీద ఉన్న భార్య ఉద్యోగం చేయాలంటే భర్త రాసివ్వాలి, ఏటేటా. గడువు నవంబరు నెలాఖరుతో అయిపోతుంది. వచ్చే గురువారం మధ్యాహ్నం రెండింటిలోగా కొత్త ఉత్తరం అందకపోతే కాంట్రాక్టు ఉండదని, కాంట్రాక్టు లేకపోతే ప్రయోగంలో సభ్యత్వమూ ఉండదని, గుంపుకు పెద్ద అయిన ప్రొఫెసర్ మర్యాదగానే చెప్పింది. అప్పుడు ఈ పనిని దానియాల్ పూర్తిచేస్తాడు. దానియాల్ హైదరాబాద్ కుర్రాడు, పరిశోధక విద్యార్థి, ఆమె చేతి కింద పని నేర్చుకున్నవాడు. అతనే ఫోన్ చేసి, "అక్కా, నాకిస్తరంట. నాకొద్దని చెప్పిన. ఎవరో ఒకరు రాయాలె గద అంటున్నరు" అన్నాడు. గొంతులో నిజంగానే సిగ్గుపడ్డాడు. పడవలసినవాడు సోఫాలో ఉన్నాడు.

ఇందులో ఆమెకు గొంతు దిగనిది ఒకటుంది. మూడేళ్ళ కిందట గజేందర్‌కు ఇంకో కంపెనీ నుంచి మంచి ఉద్యోగం వస్తే, పాత కంపెనీ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఇవ్వలేదు. అప్పట్లో ఖతర్‌లో కంపెనీ రాసివ్వకుండా మనిషి కదలడానికి లేదు. ఆ నెల రోజులు ఇల్లంతా అతని కోపమే. "మనిషికి మనిషి కాగితం రాసిచ్చుడేంది? మనమేమన్న గొడ్లమా, తాడిప్పి వదలడానికి?" అని అన్నం ముందు కూర్చుని అనేవాడు. అరుంధతి వీపు నిమిరింది. ప్రపంచంలో ఇంత అన్యాయం ఉందా అని అతనితో పాటు తనూ బాధపడింది. మొన్న సెప్టెంబరులో చట్టం మారి ఆ కాగితం అక్కర్లేకుండా పోయింది. గజేందర్ నజ్మా బజారుకు పోయి రెండు డబ్బాల మిఠాయి తెచ్చాడు, పక్క పోర్షన్ల వాళ్ళందరికీ పంచాడు, నెల తిరిగేసరికి లుసైల్‌లో కొత్త కంపెనీలో చేరాడు. వరల్డ్ కప్‌కు వచ్చేవాళ్ళ కోసం అక్కడ కట్టే ఒక హోటల్ టవర్‌కు ప్లానింగ్ ఇంజినీర్. మిఠాయి తిన్న చేత్తో అతను ఇన్ని రోజులూ ఈ కాగితం కింద సంతకం పెట్టలేదు.

జహాంగీర్, అతని భార్య బిల్కిస్ నాలుగింటికే వచ్చారు. జహాంగీర్‌ది నిజామాబాద్, అదే టవర్ సైటులో సేఫ్టీ ఆఫీసరు. బిల్కిస్ రాగానే చేతి సంచి కుర్చీకి తగిలించి నేరుగా వంటింట్లోకి వచ్చింది. బిర్యానీ గిన్నె మూత తీసి, వాసన చూసి, గోడ మీది గడియారం చూసి, "అయిదింటికి నీ మీటింగ్ ఉన్నదంటివి గద అక్కా. నువ్వు పో. నేను జూస్త" అంది. అరుంధతి మొహమాటపడబోయింది. "నా కార్డ్ మీద గూడ హౌస్‌వైఫే రాసి ఉన్నది. దినాం పన్నెండుమందికి ట్యూషన్ చెప్తున్న. ఇద్దరు హౌస్‌వైఫులం, ఒక్కరన్న పోయి మన పని చేసుకుందాం" అని గరిటె లాక్కుంది.

వెన్నెల గదిలో, పిల్లల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, కుట్టుమిషను పీట మీద కూర్చుని అరుంధతి కెమెరా తెరిచింది. వెనక కనబడకుండా గోడకు తెల్ల దుప్పటి కట్టింది. వెన్నెల మంచం మీద బొమ్మలకు రంగులేస్తోంది. తెర మీద ఎనభైమంది, చిన్న చిన్న గళ్ళలో.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. టాప్ క్వార్క్ మనకు తెలిసిన కణాలన్నిటిలో బరువైంది. పుట్టీపుట్టగానే విరిగిపోతుంది. విరిగి ఒక డబ్ల్యూ బోసాన్‌ను, ఒక బాటమ్ క్వార్క్‌ను వదులుతుంది. ఆ డబ్ల్యూ కూడా నిలవదు. అది ఒక ఎలక్ట్రాన్‌గానో మ్యూయాన్‌గానో, దానితో పాటు ఒక న్యూట్రినోగా విడిపోతుంది. ఆ ఎలక్ట్రాన్ ఏ దిక్కుకు ఎగిరిందో చూసి, డబ్ల్యూ ఏ వాటంగా తిరుగుతూ పుట్టిందో పోల్చుకోవచ్చు. సిద్ధాంతం ప్రకారం ఎడమవాటంవి నూటికి ముప్పై చిల్లర ఉండాలి. అటూ ఇటూ కానివి డెబ్బైకి దగ్గర. కుడివాటంవి లేనట్టే. అవి ఒకవేళ కనబడితే సిద్ధాంతానికి చిల్లు పడ్డట్టే. అందుకే ఇంత జాగ్రత్త.

చిక్కంతా న్యూట్రినోతో. అది ఏ యంత్రానికీ తగలకుండా గోడలు దాటి వెళ్ళిపోతుంది. మిగిలినవాటి ఊపునంతా కూడితే ఒక పక్కకు లోటు కనబడుతుంది. ఆ లోటే దాని ఆనవాలు. కానీ ప్రోటాన్లు పరుగెత్తే దారి వెంబడి అది ఎంత ఊపుతో పోయిందో లోటు చెప్పదు. దానికి వేరే సమీకరణం వేసి రాబట్టాలి. పదింటిలో మూడుసార్లు ఆ సమీకరణంలో వర్గమూలం కిందికి మైనస్ వచ్చి కూర్చుంటుంది, జవాబు రాదు. ఆమెకు ముందు ఈ పని చేసినతను అలాంటి గుద్దుళ్ళను మొత్తంగా తీసి పారేశాడు. లెక్క శుభ్రంగా కనబడింది. ఆ శుభ్రం చూసి ఎవరూ ఏమీ అనలేదు. పారేసినవాటితో పాటు జవాబు కూడా ఒక పక్కకు ఒరిగిపోతోందని కనిపెట్టినది అరుంధతి. నాలుగు నెలలు పట్టింది. వెన్నెలకు జ్వరమొచ్చిన వారం కూడా అందులో ఉంది.

కమిటీలో ఒక పెద్దాయన సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. "ఇంత గజిబిజిగా ఉన్నవాటిని ఎందుకు ఉంచుకున్నారు? తీసేస్తే మీకు పని తగ్గేది కదా?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఆమె ఆ ప్రశ్న కోసమే వారం నుంచి సిద్ధంగా ఉంది. నోరు తెరిచింది.

తలుపు తెరుచుకుంది. "అరుంధతీ, చాయ్ పెట్టరాదు. ఆళ్ళు అడుగుతున్నరు."

మైకు ఆన్‌లో ఉంది. తెలుగు తెలియకపోయినా చాయ్ అన్న మాట ఎనభైమందికీ తెలుసు. రెండు మూడు గళ్ళలో నవ్వులు మెరిశాయి, చెడ్డ నవ్వులు కావు, జాలి నవ్వులు. అవి ఇంకా భరించలేనివి. అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, జవాబు కోసం, మామూలుగా, ఇదొక తప్పు అన్న ఎరుక ముఖంలో మచ్చుకైనా లేకుండా. అతని వెనక నుంచి బిల్కిస్ గొంతు వచ్చింది. "అన్నా, చాయ్ మేమెవరం అడగలే. మీకు గావాల్నంటే నేను పెడ్త. తలుపెయ్యండి." తలుపు మూసుకుంది.

అరుంధతి తెర వైపు తిరిగింది. "మన లెక్కకు కుదరనంత మాత్రాన అవి జరగకుండా పోలేదు. జరిగినదాన్ని పారేసి లెక్క శుభ్రంగా ఉందని చెప్పలేను" అంది. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పెద్దాయన తలూపి, తరవాతి పేజీకి వెళ్దామన్నాడు.

గంటన్నర తరవాత కమిటీ ఒప్పుకుంది. పెట్టె తెరిచారు. సిద్ధాంతం చెప్పినట్టే ఉంది. ఎడమవాటం ముప్పై ఒకటి, అటూ ఇటూ కానివి అరవై తొమ్మిది, కుడివాటం సున్నాకు ఆనుకుని. ఇంతకుముందు ఎవరూ కొలవనంత సూక్ష్మంగా అదే జవాబు. ఎనభైమంది చప్పట్లు కొట్టారు. ఆమె కెమెరా ఆపి, ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది. మంచం మీద నుంచి వెన్నెల, "అమ్మా, నాన్న మీటింగ్ అప్పుడు నన్ను సప్పుడు చెయ్యద్దంటవ్ గదా. నీ మీటింగ్ అప్పుడు నాన్నకెవరు చెప్పరా?" అని అడిగింది.

భోజనాల దగ్గర గజేందర్ అన్నం కలుపుకుంటూ, "ఏమైంది నీ పెట్టె?" అన్నాడు. చెప్పింది. అతను ముక్క కొరికి, "అంటే కొత్తగ ఏం దొర్కలే అన్నట్టు. పుస్తకంల ఉన్నదే మళ్ళొచ్చింది. దీనికి రెండున్నరేండ్లు" అని జహాంగీర్ వైపు చూసి కన్ను గీటాడు. జహాంగీర్ నవ్వలేదు. "నా నౌకరీ గూడ గంతే భాయ్. దినమంతా తిరిగి, సాయంత్రం ఎవరికి ఏం కాలే అని రాస్త. ఏం గాకపోవుడే నా పని" అన్నాడు. ఆ మాటకు అరుంధతి జహాంగీర్ ప్లేటులో ఇంకో ముక్క వేసింది.

మరునాడు పొద్దున ఆమె కాగితం ఫ్రిజ్ మీద నుంచి తీసి, పెన్నుతో సహా అతని చాయ్ కప్పు పక్కన పెట్టింది. అతను కాగితాన్ని చూశాడు, పెన్నును చూశాడు. కప్పు మాత్రమే తీసుకున్నాడు.

"నేను వద్దంటున్ననా? నేనేమన్న పాతకాలం మనిషినా? రెండేండ్లు ఆగు అంటున్న. వరల్డ్ కప్ అయిపోనీ. అప్పటిదాక నాకు సైటే ఇల్లు. ఇంట్ల ఒకరన్న ఉండాలె గద."

"రెండేండ్లు ఆగితే నేను చేసిన పని ఇంకొకరి పేరు మీద పోతది."

"పేరే గద. వేలమంది పేర్లుంటయంటివి గద ఆ పేపర్ మీద. అండ్ల నీ పేరు ఎవడు చూస్తడు?" అని, అంతటితో మాట ముగిసినట్టు టీవీ పెట్టాడు. "అమ్మ గూడ అదే అంటంది." ఆమె కాగితాన్ని మళ్ళీ ఫ్రిజ్ మీద జిరాఫీ కింద పెట్టింది.

అమ్మ, అంటే సాయవ్వ, కోరుట్ల పక్క ఊళ్ళో ఉంటుంది. ఆమెకు ఖతర్ అయినా, కువైట్ అయినా దుబాయే. ఆదివారం వీడియో కాల్‌లో ఆమె అసలు విషయానికి తిన్నగా వచ్చింది. "దుబాయ్ పోయి గూడ ఆడిది కొలువు చేసుడెందుకు బిడ్డా? మా గజేందర్ తెస్తుండు గదా. ఊళ్ళె అందరికి మా కోడలు డాక్టరని చెప్పిన. మోకాళ్ళ నొప్పికి ఒక గోలి పేరు చెప్పుమంటే నీకు తెల్వదంటివి. ఇగ ఏం డాక్టరువో." అరుంధతికి అత్త మీద కోపం రాలేదు. సాయవ్వ నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది, ఇంట్లోనే కదా అని దాన్ని ఎవరూ పని అనలేదు. ఆ మాట అత్తకు చెప్పాలనిపించింది. ఫోన్ పక్కన గజేందర్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు, చెప్పలేదు.

సంతకం తనే పెట్టేయవచ్చని ఆమెకు తోచకపోలేదు. అతని సంతకం ఆమెకు బాగా వచ్చు. వెన్నెల బడి కాగితాల మీద, ఇంటి అద్దె కాగితాల మీద, "నువ్వే పెట్టెయ్యి" అని అతను చెబితే ఎన్నోసార్లు పెట్టింది. కానీ ఇది మాత్రం అతని చేత్తోనే పడాలి. అభ్యంతరం లేదని అతని బదులు తను ఒప్పుకోవడమేమిటి?

మంగళవారం గజేందర్ తన లాప్‌టాప్ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఇది కూడా ఆ ఇంటి ఆచారమే. హోటల్ టవర్ పనుల షెడ్యూల్, గురువారం పన్నెండింటికి క్లయింట్‌తో వీడియో మీటింగ్‌లో చూపాలి. "నువ్వొకసారి చూడు, నీకు లెక్కలు తొందరగ అయితయి" అన్నాడు. ఒకసారి చూడటం అంటే మొత్తం తయారుచేయడం. పాత కంపెనీలో రెండేళ్ళు అతని షెడ్యూళ్ళన్నీ ఆమే చేసింది. అతని బాస్ ఒకసారి "అద్భుతం" అని రాసిన మెయిల్‌ను ప్రింటు తీసి, అతను అద్దం పక్కన అంటించుకున్నాడు. ఆ అద్భుతం కూడా ఆమెదే. అప్పట్లో వాళ్ళ షెడ్యూల్‌లో జులై రోజులన్నీ ఏకబిగిన ఎనిమిది గంటల పనిగా వేసి ఉన్నాయి. ఆమెకు అనుమానమొచ్చి, కూలీల క్యాంపులో ఉండే తన పుట్టింటి ఊరి గంగన్నకు ఫోన్ చేసింది. గంగన్న ఇనుము కట్టే మేస్త్రీ. "ఎండకాలం పదకొండున్నర నుంచి మూడింటిదాక పని బంద్ చెల్లె. సర్కార్ రూలు. పొద్దుగాల అయిదు గంటలకంటె ఎక్కువ చేపియ్యద్దు" అన్నాడు. ఏసీ గదుల్లో కూర్చున్న ఇంజినీర్లకు శుక్రవారం సెలవు గుర్తుంది, ఈద్ సెలవులు గుర్తున్నాయి, ఎండ మాత్రం మర్చిపోయారు.

ఇప్పుడు కొత్త కంపెనీ ఫైల్ తెరిస్తే మళ్ళీ అదే తప్పు. వచ్చే జులై, ఆగస్టు నెలల్లో ప్రతి రోజూ ఎనిమిది గంటలు, ఎండన్నది లేనట్టు. కాగితం మీద పని పంతొమ్మిది రోజులు ముందే అయిపోతుంది. నిజంలో అవదు. అప్పుడు ఆ పంతొమ్మిది రోజులనూ గంగన్నలాంటి వాళ్ళ ఒంట్లోంచి పిండుతారు. ఫైల్ మూసేసి ఊరుకుందామని ఆమెకు బలంగా అనిపించింది. గురువారం అందరి ముందూ అతను నీళ్ళు నమలడం కళ్ళ ముందు కనబడి, హాయిగా కూడా ఉంది. కానీ తన కోపానికి వాళ్ళు ఎండలో మాడటం ఏం న్యాయం? జహాంగీర్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది. "మంచిగ చెప్పినవ్ భాభీ. సేఫ్టీ నుంచి నేను మెయిల్ పెడ్త. ఆ గంటలు తీసెయ్యకుంటే నేను ఒప్పుకోను" అన్నాడు జహాంగీర్. ఎవరి షెడ్యూల్ వచ్చినా రాకపోయినా ఇక ఆ గంటలు ఎవరూ మింగలేరు. ఇప్పుడు మిగిలింది తన సంగతి.

బుధవారం, వెన్నెల ఆన్‌లైన్ క్లాసులో ఉండగా, ఆమె షెడ్యూల్ అంతా మళ్ళీ చేసింది. ఎండాకాలపు గంటలు తీసింది, లోపలి పనులను మధ్యాహ్నాలకు జరిపింది, పంతొమ్మిది రోజుల్లో పన్నెండు తిరిగి రాబట్టింది. మంచి పని. చేస్తున్నంతసేపూ ఆమెకు అది మంచి పని అని తెలుసు. చివర మొదటి పేజీకి వచ్చింది. అక్కడ ఒక పెట్టెలో తయారుచేసినవారు అని, కింద సరిచూసినవారు అని రెండు గళ్ళుంటాయి. రెండేళ్ళూ మొదటి గడిలో తన చేత్తోనే గజేందర్ పేరు కొట్టింది. పేరే కదా అనుకునే కొట్టింది. ఇప్పుడు ఆ పేరు చెరిపి తన పేరు రాసింది. డాక్టర్ అరుంధతి. సరిచూసినవారి గడిలో అతని పేరు ఉంచింది. ఏదీ దాచాలనుకోలేదు. గురువారం పొద్దున పంపించేటప్పుడు, "మొదటి పేజీ చూసుకో" అని చెప్పింది కూడా. గజేందర్ ఆఖరి పేజీకి పోయి, ముగింపు తేదీ చూసి, "నువ్వు చేసినంక చూసేదేమున్నది" అని క్లయింట్‌కు పంపేశాడు.

పన్నెండింటికి పడకగది తలుపు వేసుకుని మీటింగ్‌లో కూర్చున్నాడు. ఆమె పప్పు కుక్కర్‌లో పెట్టి, విజిల్ రాకుండా పొయ్యి ఇంకా వెలిగించకుండా నిలబడింది. పావుగంటకు తలుపు తెరుచుకుంది. గజేందర్ చొక్కా, టై, కింద షార్ట్స్. ముఖం పాలిపోయి ఉంది.

"నీ పేరెందుకు పెట్టినవ్?"

"నేనే చేసిన గద."

"వాళ్ళు అడుగుతున్నరు. ఈ అరుంధతి ఎవరు, ఎండకాలం లెక్క మంచిగున్నది, ఆమెనే చెప్పమనండి అంటున్నరు. ఏం చెప్పాలె నేను?"

"హౌస్‌వైఫ్ అని చెప్పు. కార్డ్ మీద అదే రాసుంది."

"తమాషానా?" గొంతు తగ్గించాడు. పక్క గదిలో మైకు ఆపి వచ్చాడో లేదో అతనికే నమ్మకం లేనట్టుంది. "అయిదు నిమిషాలు వచ్చి చెప్పు. ఆ పన్నెండు దినాలు ఎట్ల తెచ్చినవో నాకేమెరుక? వెయిట్ చేస్తున్నరు. కొత్త కంపెనీ అరుంధతీ, ఇజ్జత్ పోతది."

"వస్త. కాని నేను నీ స్పాన్సర్‌షిప్ మీద ఉన్నదాన్ని. స్పాన్సర్ కాగితం లేకుండ పని చేస్తే తప్పు గద."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే అతనికి సులువుగా ఉండేది, అరుపులకు అతని దగ్గర జవాబులున్నాయి. అతను ఆమె చూపు వెంట ఫ్రిజ్ వైపు చూశాడు. నాలుగడుగులు వేసి కాగితం లాగాడు. జిరాఫీ బొమ్మ కింద పడి దొర్లిపోయింది. కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకే ఆనించి సంతకం గీకాడు. "సాలా? ఇగ నడువ్."

ఆమె నడవలేదు. కాగితం తీసుకుని పైనుంచి కింది దాకా చదివింది. "తేదీ వెయ్యలే" అంది. వేశాడు. ఐడీ నంబరు దగ్గర ఒక అంకె అర్థంకాకుండా ఉంటే మళ్ళీ రాయించింది. కిటికీ వెలుతురులో ఫోటో తీసింది, ప్రొఫెసర్‌కు మెయిల్ చేసింది. పన్నెండు దాటి ఇరవై మూడు నిమిషాలు. గెలిచినట్టు ఆమెకు ఏ మూలా అనిపించలేదు. తనకు చెందిన దాన్ని ఇలా మెడ మీద కత్తి పెట్టి తీసుకోవలసి వచ్చిందన్న కోపం అలాగే ఉంది, అభ్యంతరం లేదన్న ఆ మాట చదువుతుంటే ఇంకా పెరిగింది. లేదట, అభ్యంతరం. ఎంత దయ. అందుకే ఆ మెయిల్‌లోనే ఇంకో వాక్యం కూడా రాసింది. వచ్చే సంవత్సరం ఇలాంటి ఉత్తరం తను తీసుకురాదని, గుంపులో ఖాళీగా ఉన్న పూర్తికాలపు ఉద్యోగానికి, యూనివర్సిటీ సొంత వీసా మీద, ఈ వారమే దరఖాస్తు పెడుతున్నానని. పంపాక మళ్ళీ చదువుకోలేదు.

తరవాత పొయ్యి వెలిగించింది. "పప్పు మూడు విజిళ్ళకు దించు" అని అతనికి చెప్పి, పడకగదిలోకి వెళ్ళి, అతని కుర్చీ తన ఎత్తుకు సరిచేసుకుని కూర్చుంది. మైకు తెరిచింది. తెర మీద ఏడుగురున్నారు. తన పేరు చెప్పింది. ఈ షెడ్యూల్ తయారుచేసింది తనేనని, ఏడాదిలో ముందు జులైతో మొదలుపెడదామని అంది. పెద్దాయన ఎవరో సంతోషంగా పెన్ను తీశాడు. ఆమె వేగంగా, తడుముకోకుండా చెప్పుకుపోతోంది. మధ్యాహ్నపు మూడున్నర గంటలు ఎక్కడెక్కడ కనబడకుండా పోయాయో ఒక్కొక్కటే చూపిస్తోంది.

వెనక తలుపు తెరుచుకుంది.

"అరుంధతీ, విజిళ్ళు మూడా, నాలుగా?"

ఏడుగురూ ఆ గొంతు విన్నారు. ఆమె తల తిప్పలేదు, మైకు ఆపలేదు.

"మీటింగ్ నడుస్తంది. తలుపెయ్యి."